తల్లి యుండగా పోతపాలేల?

పసిబిడ్డ యేడ్చినచో పాలు పట్టవలెననియు, ఆకలిగొని వచ్చిన ప్రాణికి పిడికెడు మెతుకులు వేయవలెననియు మనకెవరును ప్రత్యేకముగా నేర్పలేదు. ఇంటిలో పెద్దలను చూచి నేర్చిన ధర్మమది. తల్లి చచ్చిన మేకపిల్లను ఒడిలో పెట్టుకొని దూదివత్తితో పాలు పట్టిన అవ్వలను మనమందరము చూచియున్నాము. కోరాపుట్ కొండలపైనైనను, రాయగడ దిగువ నాగావళి యొడ్డుననైనను, తెలుగువారి గడపలలో ఈ దయకు కొదువ లేదు.

అయినను దయ యొక్కటియే చాలునా? దానికి తెలివి తోడు కావలదా? ఈ ప్రశ్నను ఈ సంచికలో విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచదలచితిమి. ఇది మాకు పుస్తకమున దొరకిన ప్రశ్న కాదు. మా చేతులలో ప్రాణము విడిచిన రెండు కుందేటిపిల్లల వలన దొరకినది.

కొన్నేండ్ల క్రిందట చోళ్ల కోతల కాలమున, ఒక సోమవారము ఉదయము, ఎనిమిదవ తరగతి బాలురిద్దరు ఒక అట్టపెట్టెను తెచ్చి మా బల్లపై ఉంచిరి. లోపల పిడికిట పట్టునంతటి కుందేటిపిల్లలు రెండు ఒకదానినొకటి ఒరసికొని కూర్చుండియున్నవి. "మాస్టారూ, తల్లి లేదండి. కోసిన చేలో ఒంటరిగా పడి ఉన్నాయండి" అని వారు చెప్పిరి. ఆ బాలుర కన్నులలోని జాలి చూచి మా హృదయము పొంగినది. పాఠము నిలిపి, వీధిలోని టీకొట్టు నుండి ఆవుపాలు తెప్పించితిమి. గోరువెచ్చగా కాచి, చిటికెడు పంచదార కలిపి, ఎట్లు పట్టవలెనో మేమే చూపితిమి. మరి రెండు తరగతుల వారు వచ్చి వరుసగా నిలిచి తమవంతుగా పాలు పట్టిరి. ఆనాడు బడియంతయు పండుగవలె నుండెను.

మరునాటికి ఆ పిల్లల కడుపులుబ్బినవి, విరేచనములు పట్టుకొన్నవి. బుధవారము తెల్లవారునప్పటికి ఒకటియు, సాయంకాలమునకు రెండవదియు చనిపోయినవి. బాలురు ఏడ్చుచు బడితోట మూలను గొయ్యి త్రవ్విరి.

అప్పుడు తోటపనికి వచ్చుచుండు పరజా వృద్ధుడొకడు ఆ గోతిని చూచి సంగతి యడిగెను. చెప్పితిమి. కొంతతడవు అతడు మాటాడలేదు. పిదప దేశియాలో, మాకర్థమగునట్లు మెల్లగా, ఇట్లనెను: "తల్లి లేదని ఎవరు చెప్పారు బాబూ? కుందేలు పగలు పిల్లల దగ్గర ఉండదు. చీకటి పడేటప్పుడు వచ్చి, పాలిచ్చి పోతుంది. మీరు వీటిని తెచ్చేసిన రాత్రి కూడా వచ్చే ఉంటుంది."

ఆ చివరి మాట మమ్ము నేటికిని విడువలేదు. అనంతామాత్యుని భోజరాజీయములోని ఆవు–పులి కథను మేము ఎన్ని యేండ్లుగానో పిల్లలకు చెప్పుచున్నాము. ఆకలిగొన్న దూడకు కడసారి పాలిచ్చి వచ్చెదనని పులిని వేడుకొన్న ఆ గోవును తలచి తరగతిలో కన్నీరు పెట్టని బిడ్డ లేడు. అట్టి మేమే, ఆ సోమవారము రాత్రి చేలోనికి వచ్చి, పిల్లలను కానక తిరుగాడిన తల్లిని తలపలేకపోతిమి. ఆంధ్రదేశమున శిక్షణ పొందునపుడు మాకు పద్యము చదువుట నేర్పిరి. పాఠము చెప్పుట నేర్పిరి. అడవిని చదువుట మాత్రము మాకు రాలేదు.

పిమ్మట తెలిసినవారిని అడిగియు, చదివియు నేర్చినది చెప్పుదుము. కుందేటిపిల్ల పుట్టుకతోనే బొచ్చుతోను, తెరచిన కన్నులతోను ఉండును. దానికి వాసన యంతగా ఉండదు. తల్లి చెంతనున్నచో ఆ వాసన పట్టి నక్కయో, అడవిపిల్లియో వచ్చును. కావున తల్లి దూరముగా నుండుటయే ఆ పిల్లకు రక్ష. దినమున కొకసారి, పొద్దుగ్రుంకిన వేళ, కొద్ది నిమిషములు మాత్రము వచ్చి పాలిచ్చి మరల తొలగిపోవును. దుప్పి, కణితి మొదలగు జాతులలోను తల్లి చిన్నిపిల్లను గడ్డిలో దాచి మేతకు పోవును. ఆ పిల్ల కదలదు, మెదలదు. మన మది చూచి "పాపము, దిక్కులేనిది" అనుకొందుము. అది దిక్కులేక పడియుండలేదు. తల్లి యాజ్ఞను పాలించుచున్నది. ఒంటరిగా నుండుట వేరు, అనాథయగుట వేరు. ఈ భేదము తెలియనందుననే మేము తల్లి యున్న పిల్లలను అనాథలను చేసితిమి.

ఇది మా మొదటి తప్పు. రెండవది పాలను గూర్చినది. "తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు" అని నమ్మువారిని మనము అమాయకులందుము. ఆనాడు మేము ఆ సామెతకు తగినవారమైతిమి. పాలన్నియు ఒకటి కావు. ఆవుపాలలో నూటికి సుమారు 4 పాళ్లు కొవ్వు, 3 పాళ్లకు మించి మాంసకృత్తులు, 5 పాళ్లకు దగ్గరగా పాలచక్కెర ఉండును. గేదెపాలలో కొవ్వు 7 పాళ్ల వరకుండును. కుందేటిపాలలో కొవ్వును, మాంసకృత్తులును ఒక్కొక్కటి 10 పాళ్లకు మించియుండును. పాలచక్కెర మాత్రము 2 పాళ్ల ప్రాంతము. దినమున కొక్కసారియే పాలు త్రాగు పిల్లకు ఆ యొక్కసారియే దినమంతటి బలము కలుగవలెను గదా! అట్టి పిల్లకు పలుచని ఆవుపాలు పోసి, అది చాలదన్నట్లు పంచదార కలిపితిమి. జీర్ణింపలేని చక్కెర ప్రేగులలో పులిసి, కడుపుబ్బి, విరేచనములు కలిగి, ఒంటిలోని నీరంతయు పోయి అవి చనిపోయినవి.

ప్రకృతి ఏ తల్లి పాలను ఆ తల్లి బిడ్డకొరకే కూర్చినది. మానవస్త్రీ పాలలో మాంసకృత్తులు నూటికి 1 పాలు మాత్రమే, చక్కెర 7 పాళ్లు. మన బిడ్డ మెల్లగా పెరుగును, దాని మెదడు పెద్దది. ధ్రువప్రాంతపు మంచుమీద బిడ్డను కని, నాలుగు దినములలోనే పాలు మాన్పించు సీలు జాతి యొకటి కలదు. దాని పాలలో సగమునకు మించి కొవ్వే. నల్ల ఖడ్గమృగపు పాలలో కొవ్వు నూటికి ఒక పాలైనను లేదు. ఆస్ట్రేలియాలోని కంగారూ, ఒకే కాలమున ఎదిగిన పిల్లకు ఒక చంటినుండి ఒక తీరు పాలను, అప్పుడే పుట్టిన పిల్లకు మరియొక చంటినుండి వేరొక తీరు పాలను ఇచ్చును. ఇట్టి వింతలు తెలిసినపిమ్మట, ఒక గ్లాసు ఆవుపాలతో ఏ ప్రాణినైనను సాకవచ్చునని ఎట్లనగలము?

ముర్రుపాల సంగతి మన రైతుల కందరకును తెలిసినదే. ఈనిన ఆవు తొలిపాలు దూడకు త్రాగించితీరవలెనని పెద్దలందురు. మానవశిశువునకు రోగములనడ్డు శక్తి కొంత తల్లిగర్భముననే చేరును. దూడకు, జింకపిల్లకు అట్లు చేరదు. పుట్టిన తొలిదినమున త్రాగిన ముర్రుపాల వలననే చేరవలెను. ఆ గడియ దాటినచో వాటి ప్రేగులు ఆ శక్తిని గ్రహింపలేవు. తొలినాడే తల్లినుండి ఎడబాసిన పిల్ల, ఎంతమంది కాచినను, చిన్నరోగమునకే కూలిపోవుటకు ఇది యొక కారణము.

పట్టు పద్ధతిలోను ప్రమాదమున్నది. మనము శిశువును వెల్లకిల పరుండబెట్టి ఉగ్గుగిన్నెతో పోసినట్లు, అడవిపిల్లకు పోసినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. అది తల్లిక్రింద నిలిచియో, బోర్లపడియో త్రాగు ప్రాణి. ఒళ్లు చల్లబడిన పిల్లకు మొదట కావలసినది వెచ్చదనము, పాలు కాదు. చల్లబడిన కడుపు పాలను అరిగించుకొనలేదు. కొన్ని జాతుల పసిపిల్లలు తల్లి నాకనిదే మలమూత్రములను సయితము విడువలేవు. తల్లి చేయు పని పాలిచ్చుట యొక్కటియే యనుకొన్న మనకు ఇవి యెట్లు తెలియును?

ఈ విద్యను నేర్చుటకు ఒక జీవితకాలము వెచ్చించినవారు కలరు. ఆఫ్రికాలోని కెన్యా దేశమున డాఫ్నీ షెల్డ్రిక్ అను స్త్రీ, దంతములకొరకు చంపబడిన ఏనుగుల పిల్లలను చేరదీసెను. పాలుమాత్రమే త్రాగు ఏనుగుపిల్లలు ఆవుపాల కొవ్వును భరింపలేక ఒక్కొక్కటే చనిపోవుచుండెను. ఆమె యెన్నియో యేండ్లు ఎన్నియో మిశ్రమములను పరీక్షించి, తుదకు కొబ్బరినూనె చేర్చిన పాలు వాటికి సరిపడునని కనుగొనెను. అంతటితో ఆమె కష్టము తీరలేదు. ఆయిషా అను పిల్ల ఆరుమాసముల వరకు చక్కగా పెరిగినది. కాని ఆమె కుమార్తె వివాహము కొరకు కొద్దిదినములు విడచి వెళ్లగా, బెంగపెట్టుకొని చనిపోయినది. అప్పటినుండి ఒక పిల్ల ఒక్క మనిషికే అలవడకుండునట్లు కాపరులను మార్చుచు పెంచు పద్ధతిని ఆమె అవలంబించెను. 2018లో ఆమె కన్నుమూయునప్పటికి, ఆ చేతులలో పెరిగిన ఏనుగులు త్సావో అడవులలో తిరిగి, తమ బిడ్డలను వెంటబెట్టుకొని పాత కాపరులను చూడవచ్చుచుండెను. పాలు ఎంత శాస్త్రమో, ప్రేమ కూడ అంత శాస్త్రమని ఈ కథ చెప్పుచున్నది.

"జంతువులు వేరుజాతి పిల్లలకు పాలిచ్చుట లేదా? అది ప్రకృతిధర్మము కాదా?" అని మీరడుగవచ్చును. నిజమే. పిల్లిపిల్లకు పాలిచ్చిన ఊరకుక్కను మనము చూచియున్నాము. ఈనిన తల్లియొక్క ఒంటిలో పాలు చేపునట్టి, బిడ్డను దరిజేర్చునట్టి రసములు పొంగుచుండును. ఆ వేళ చెంతనున్న పసిప్రాణి ఏదైనను ఆమెకు బిడ్డగానే తోచవచ్చును. దూడ చచ్చిన గేదె యెదుట, గడ్డి కూరిన దూడచర్మమును నిలిపి పాలు చేపించు ఉపాయము ఈ సంగతి తెలిసిన పశువులకాపరులు కనిపెట్టినదే. గుజరాతులోని గిర్ అడవిలో 2018 డిసెంబరు మొదలు కొన్ని వారములపాటు ఒక ఆడుసింహము, తన రెండు పిల్లలతోపాటు రెండు మాసముల చిరుతపిల్లకును పాలిచ్చి, మాంసము పెట్టి సాకినది. చిరుతను సింహము చూచినచో చంపుట వాటి సహజవైరము. అట్టి వైరము నడుమ పాలు ప్రవహించినవి. సుమారు 45 దినములకు ఆ చిరుతపిల్ల పుట్టుకతో వచ్చిన వ్యాధిచేత మరణించినదని, దానిని కనిపెట్టి చూచిన శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిరి.

దీనికి ప్రక్కనే మరియొక కథను ఉంచి చూడవలెను. 2002లో కెన్యాలోని సంబూరు అడవిలో, ఇంకను ఈనని ఒక ఆడుసింహము ఒరిక్స్ అను జింకజాతి పిల్లను చేరదీసి, ఇంచుమించు రెండు వారములు తన వెంట త్రిప్పుకొన్నది. లోకమంతయు ఆశ్చర్యపడినది. ఆ సింహమునకు ప్రేమ గలదు, పాలు లేవు. పిల్ల ఆకలిచేత నానాటికి శుష్కించినది. తుదకు వేరొక సింహము దానిని చంపినది. ప్రేమ యుండి పాలు లేకున్న ఆ సింహమునకును, ప్రేమ యుండి తగని పాలు పోసిన మాకును భేదమేమి? ఉన్నచో అది యొక్కటే: సింహము నేర్చుకొనలేదు, మనము నేర్చుకొనగలము.

ఇక మూడవ సంగతి. బ్రతికించిన పిల్లను ఏమి చేయవలెను? భాగవతము పంచమస్కంధమున, తెలుగున గంగన రచించిన భాగమున, భరతుని కథ కలదు. సింహగర్జనకు బెదరి నదిని దాటబోయిన నిండుచూలాలు లేడి, నీటిలో పిల్లను విడచి ప్రాణము కోల్పోయినది. రాజ్యమును త్యజించి తపస్సు చేయుచున్న భరతుడు ఆ పిల్లను తెచ్చి పెంచెను. పెంచుట తప్పు కాదు. కాని అది ఒక గడియ కనబడకున్న కలతపడి, జపమును మరచి, ప్రాణము పోవు సమయమున దానినే తలచి, మరుజన్మమున లేడియై పుట్టెను. ఈ కథను వైరాగ్యబోధకై చెప్పుదురు. మాకు మాత్రము అందు మరియొక నీతి కనబడుచున్నది: అడవి బిడ్డను పెంచినవాడు దానిని అడవికి పంపు దినమును మొదటినుండియు మనసున నుంచుకొనవలెను. లేనిచో పెంచినవాడును బద్ధుడే, పెరిగినదియు బద్ధమే.

మన ఒడిశాలో ఇట్టి కథ నిజముగా జరిగినది. 1974 అక్టోబరున సిమిలిపాల్ అడవిలో, ఖైరీ నది చెంత దొరకిన ఆడు పులిపిల్లను, ఖడియా గిరిజనులు తెచ్చి జశిపురమున అటవీశాఖాధికారి సరోజ్ రాజ్ చౌధురి చేతికిచ్చిరి. ఆయన సిమిలిపాల్ పులుల సంరక్షణకు తొలి క్షేత్రాధికారి. నిహార్ నళినీ స్వాయిఁ అను వనిత ఆ పిల్లకు తల్లియైనది. పాలపొడి పాలతోను, మాంసముతోను పెంచిరి. నదిపేరే దానికి పెట్టిరి. ఖైరీ ఇంటిలోను, తోటలోను స్వేచ్ఛగా తిరిగినది. దేశదేశములనుండి జనులు చూడవచ్చిరి. పులి నడవడిని గూర్చి దానివలన ఎన్నియో సంగతులు తెలిసినవి. అయినను ఖైరీ అడవిపులి కాలేదు. 1981లో మనుష్యుల నడుమనే మరణించినది. మరుసటి యేటనే చౌధురియు కన్నుమూసెను. వారి ప్రేమను తక్కువ చేయు సాహసము మాకు లేదు. అంతటి విద్య, అంతటి ప్రేమ గలవారి చేతిలోనే పులి తిరిగి అడవికి పోలేకపోయెను. మన పెరటిలో అట్టపెట్టెలోని ప్రాణి గతి యేమి?

కాలము గడచిన కొలది అటవీశాఖవారును నేర్చుకొనిరి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురము గ్రామము చెంత నాలుగు పులిపిల్లలు దొరకినవి. గ్రామస్థులు వాటిని కుక్కల బారి పడకుండ కాచి అధికారులకు అప్పగించిరి. అధికారులు వెంటనే వాటిని జంతుప్రదర్శనశాలకు తరలింపలేదు. తల్లిపులి జాడలు వెదకి, కెమెరాలు కట్టి, పిల్లలను తల్లి చెంతకు చేర్చుటకు కొన్ని దినములు శ్రమపడిరి. ఆ ప్రయత్నము ఫలింపని పిమ్మటనే తిరుపతికి తరలించిరి. తొలుత తల్లిని వెదకుట, తుదకు పోతపాలు. ఆ క్రమము మనము గ్రహింపదగినది. అస్సాములో కజిరంగా చెంత 2002లో నెలకొల్పిన వన్యప్రాణి పునరావాస కేంద్రమున, వరదలలో తల్లినుండి తప్పిపోయిన ఖడ్గమృగపు పిల్లలను పెంచి, మానస్ అడవులకు చేర్చుచున్నారు. పోతపాలు నిష్ఫలములు కావనుటకు ఇదియే సాక్ష్యము. తెలిసినవారి చేతిలో, అడవికి పంపు సంకల్పముతో పోసిన పాలు ప్రాణదానమే.

అయితే అనాథలు ఎట్లు పుట్టుచున్నవో కూడ మనము చూడవలెను. చైత్రమాసమున మన కొండలలో వేటకు పోవు ఆచారము కలదు; సరిహద్దు కావలనున్న మన్యములో ఇటుకల పండుగనాడును వేట యుండును. ఆచారమును నిందించి గిరిజనులపై నేరము మోపుట మా యుద్దేశము కాదు. సంతలో ఆ మాంసమునకు బేరమాడువారిలో మన తెలుగువారును ఉన్నారు. చిలుకపిల్లను కొని పంజరమున పెట్టునది మన ఇండ్లలోనే. పంటకు కాపుగా కరెంటు తీగ కట్టువారు అన్ని భాషలలోను ఉన్నారు. 2023 మే నెలలో, మన గుణుపురమునకు చేరువనున్న భామిని మండలము కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు విద్యుద్ఘాతమున మరణించినవి. పిల్లకు పాలు పోయుట కంటె, తల్లిని చంపకుండుట సులభము, పుణ్యమును అధికము.

"అడవిలో విడచివత్తుమా? కుక్కలు తినివేయవా?" అని కొందరు తల్లులు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్న. విడచిరమ్మని మే మనము; దూరముగా నిలిచి కాయుమందుము. కుక్కలను అదలింపుడు. గుంపు కూడనీయకుడు. సెల్‌ఫోనుతో చిత్రము తీయుటకై దరిజేరకుడు. మనుష్యులు కనబడుచున్నంతవరకు తల్లి రాదు. ఇప్పటికే తెచ్చియున్నచో, చీకటిపడక ముందే తెచ్చిన చోటనే మరల ఉంచుడు. మనుష్యుని చేయి సోకినందున తల్లి పిల్లను విడుచునను మాట సాధారణముగా నిజము కాదు. మాకు ఆ సోమవారము ఇది తెలిసియున్నచో, సాయంకాలము బడి విడువగనే ఆ బాలురతో పెట్టెను చేలోనికి పంపియుందుము.

తల్లి శవము చెంతనే పడియున్నను, పిల్ల గాయపడి యున్నను, ఒళ్లు చల్లబడి చీమలు పట్టుచున్నను, ఎడతెగక అరచుచున్నను అది నిజముగా ఆపదలో నున్నదని తెలియవలెను. అప్పుడు పొడి గుడ్డలో చుట్టి, వెచ్చగా, చీకటిగా, సద్దులేని చోట నుంచి, పాలు పోయక, వెంటనే ఫారెస్టు గార్డునకో, రేంజి ఆఫీసునకో, పోలీసు స్టేషనుకో తెలుపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అట్టి ప్రాణి ప్రభుత్వపు సొత్తు. చేతికి వచ్చిన 48 గంటలలో తెలుపుట మన విధి. జాలిచేత పెంచితిమనుట చట్టమునకు సమాధానము కాదు. ఎలుగుపిల్లనో, కోతిపిల్లనో ముద్దుగా పెంచి, అది పెద్దదై కరచిన పిదప గొలుసు వేయువారిని ఎరుగుదుము. ఆ గొలుసు ఆ పాలగిన్నెతోనే మొదలైనది.

ఇవియన్నియు చెప్పుచున్నప్పుడు మాకు మన బడి సంగతియే తోచుచున్నది. మాతృభాష తల్లిపాలవంటిదనియు, పరభాష పోతపాలవంటిదనియు మన సభలలో తరచు వినుచుందుము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినది మొదలు ఈ ప్రాంతపు తెలుగువారిని ఒడియా భాష పెంపుడుతల్లియై సాకినది. ఆ పాలు మన పిల్లలకు కావలెను. వానిని నిరాకరించుట తెలివి కాదు. కాని కొందరు తలిదండ్రులు "ఇక్కడ తెలుగునకు దిక్కేది?" అని బిడ్డను తల్లిభాషనుండి పూర్తిగా ఎత్తుకొనిపోవుచున్నారు. వారికి మేము ఆ పరజా వృద్ధుని మాటనే చెప్పుదుము: తల్లి లేదని ఎవరు చెప్పిరి? పగటివేళ కచేరీలలోను, అంగళ్లలోను కనబడలేదు గాక. చీకటిపడిన పిమ్మట అవ్వ చెప్పు కథలో, అమ్మ పాడు జోలలో, ఆ తల్లి ప్రతిదినము వచ్చి పాలిచ్చి పోవుచునేయున్నది. పెంపుడుతల్లి యొడిలో పెరుగుచున్న బిడ్డకు కన్నతల్లి పాలు అందకుండ చేయవలసిన పని లేదు.

విద్యార్థులారా! గత సంవత్సరము ఆరవ తరగతి బాలిక యొకతె మా కడకు వచ్చి, చేలో కుందేటిపిల్లను చూచితినని చెప్పెను. మా గుండె ఝల్లుమన్నది. పెట్టె యెక్కడ నున్నదని ఆమె చేతులవంక చూచితిమి. చేతులు ఖాళీగా నున్నవి. ఆమెయు, తమ్ముడును దూరపు గట్టుమీద కూర్చుండి, పొద్దుగ్రుంకువరకు కుక్కలను రానీయలేదట. మసక చీకటిలో గడ్డి కదలినదట. పెద్దచెవులు రెండు కనబడినవట. అంతట ఇద్దరును చప్పుడు చేయక ఇంటికి పోయిరట.

"మేము దానికి ఏమీ పెట్టలేదండి మాస్టారూ" అని ఆ బాలిక కొంచెము సిగ్గుపడుచు చెప్పెను. సిగ్గుపడనక్కరలేదమ్మా అని చెప్పి, ఆనాడు తరగతిలో ఆ గోవు కథను మరల మొదటినుండి చెప్పితిమి.